ఆమె పోయని నీళ్లు

ఇసుకను నోట్లో వేసుకుని నమిలే మనిషిని నా జన్మలో ఒక్కణ్ణే చూశాను. మా పుంగనూరు ఇంటి ముందు ట్రాక్టరు ఇసుక దించి వెళ్లేలోపే ఆయన కుప్ప దగ్గర గొంతుక్కూర్చుని, చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని కరకరమనిపించేవాడు. తర్వాత పక్కకు ఉమ్మేసి తీర్పు చెప్పేవాడు. "ఇది ఏట్లో ఇసిక కాదమ్మా. చెరువు మన్ను కలిపినారు. పండ్ల కింద మెత్తగా పోతాంది." ట్రాక్టరువాడు తల మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేసినా లాభం లేదు, ఇసుక వెనక్కి పోవాల్సిందే.

అందరూ ఆయన్ను మేస్త్రీ అనేవాళ్లు. పేరు నాకు తెలుసు, ఇక్కడ రాయను. రాసే హక్కు నాకు ఎందుకు లేదో చదివితే మీకే తెలుస్తుంది. గుడుపల్లె దగ్గర ఒక పల్లె ఆయనది. పాత ఇళ్లకు కాంక్రీటు పని అంటే కుప్పం నుంచి మదనపల్లె దాకా ఆయన్నే పిలిచేవాళ్లు. పోయిన వారం ఆయన చనిపోయాడు. ఆయనకూ నాకూ మధ్య ఒక చావు ఉంది, ఒక అబద్ధం ఉంది. అబద్ధం నాది.

మాది పుంగనూరు పాత ఊళ్లో మట్టి మిద్దె. రాళ్లూ మట్టీ పేర్చి కట్టిన లావుపాటి గోడలు, టేకు దూలాలు, వాటి మీద పలకలు, ఆ పైన మట్టి, మట్టి మీద నీళ్లు దిగనివ్వని చౌడు మన్ను. ఏటా వానలకు ముందు కొత్త చౌడు పరిచి తొక్కించాలి. ఎండాకాలం వీధంతా ఉడికిపోతున్నా లోపల చల్లగా ఉండేది. ఆ చల్లదనం ఎవరికి కావాలి? తొంభైల్లో మా ఊరికి స్లాబు పిచ్చి పట్టింది. పాత మిద్దె దించడం, అవే మట్టి గోడల మీద కాంక్రీటు పోయించడం, నాలుగేళ్లకు గోడ పగిలితే దిష్టి తగిలిందని గుమ్మడికాయ కట్టడం. నేను గవర్నమెంటు బడిలో టీచరును. స్టాఫ్ రూములో ఎవరైనా "ఇంకా మట్టి మిద్దెలోనే ఉండారా మేడమ్?" అని అడిగితే నాకు తల కొట్టేసినట్టుండేది.

మొదటిసారి ఆయన్ను పిలిపించింది అందుకే. వచ్చాడు. బక్క మనిషి, మోకాళ్ల దాకా సిమెంటు బూడిద, చెవి మీద పెన్సిలు ముక్క. నాతో మాట్లాడకుండా ముందు ఇల్లంతా తిరిగాడు. తర్వాత సంచిలోంచి మూరెడు ఇనప కంబీ తీసి గోడలోకి గుచ్చాడు. జానెడు లోపలికి పోయింది. లాగి, దాన్ని నా చేతికిచ్చాడు.

"నువ్వే గుచ్చి సూడమ్మా. కంబీ ఇంత సులువుగా పోయే గోడ మీద అంత బరువు యెట్ట పెట్టేది?"

"వీధిలో అందరూ పెడతాండారు గదా?"

"పెట్టుకోనీ. ఒగ పెద్దవాన పన్నాక నన్ను పిలిస్తే, వాళ్లిండ్లు యాడుండాయో వచ్చి సూపిస్తా."

నాకు ఒళ్లు మండింది. మా అత్త మాత్రం నవ్వింది. చివరికి చౌడు మార్చి, నడింట్లో సిమెంటు నేల వేసి వెళ్లిపోయాడు. ఆ నేల మీద నీళ్లు ఒలికితే ఒక్క చోట కూడా నిలవకుండా నేరుగా తూముకే పోయేవి.

ఆయన అలవాట్లు చెప్పాలంటే చాలా ఉన్నాయి. ఏ ఇంట్లో గడ్డపార ఎత్తాలన్నా ముందు ఆ ఇంటి ముసలమ్మను వెతికేవాడు. "అవ్వా, పగలగొడతాండా. ఏమీ అనుకోవాకు" అని చెప్పి, ఆమె సరేనన్నాకే మొదటి దెబ్బ వేసేవాడు. పచ్చి కాంక్రీటు ఉన్నచోటికి చెప్పులతో ఎవరు వచ్చినా, ఇంటి యజమాని అయినా సరే, కసిరేవాడు. "బాగా కట్టినావు మేస్త్రీ" అంటే ముఖం చిట్లించుకుని "ముప్పై ఏండ్లు పోనీ, అప్పుడు సెప్పు" అనేవాడు. నీళ్లంటే ఆయనకు భయం. "ఎండకు పగ ఉండదమ్మా. పగులు సూపించి పోతాది. నీళ్లకుండాది పగ. లోపల కూసోని పనిజేస్తాది" అని ప్రతి ఇంట్లోనూ చెప్పేవాడు.

ఆయన భార్య ఆయనతోనే పని చేసేది. సిమెంటు మాలు కలపడం, కాంక్రీటు బాండ్లి మోయడం, నీళ్లు అందించడం అన్నీ ఆమే. పొద్దున పని మొదలైందగ్గర్నుంచి దిగేదాకా ఆయన ఆమెను తిడుతూనే ఉండేవాడు.

"ఏమే, మాలులో నీళ్లు పోస్తాండావా, గంగమ్మ జాతర సేస్తాండావా?"

"నోరు మూసుకోని పలక రుద్దు. ఆ మూల వంకర పోతాంది."

"వంకర నీ సూపే!"

"ఆ సూపుతోనే గదా నిన్ను సేసుకుంటి. వంకరే మరి."

కూలీలందరూ నవ్వేవాళ్లు. మొదట్లో నిజంగానే పోట్లాడుకుంటున్నారనుకుని నేను మధ్యలోకి పోయాను కూడా. ఒకరోజు ఆమెకు జ్వరమొచ్చి రాలేదు. ఆ రోజు ఆయన నోరు తెరవలేదు, పని సగం కూడా కాలేదు. ఏమైందప్పా అంటే "తిట్టేదానికి మనిషి లేకుంటే సెయ్యి ఆడదమ్మా" అన్నాడు. ఆ మొగుడూ పెళ్లాల మధ్య ఉన్నది ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో కరువు పట్టింది. చెరువులు ఎండాయి, బోర్లు ఎండాయి, ట్యాంకరు వస్తే బిందెల కోసం ఆడవాళ్లు జుట్లు పట్టుకునేవాళ్లు. ఆ వేసవిలోనే ఒక మధ్యాహ్నం మా అత్త మంచం మీదున్న పెద్ద దూలం ఫట్‌మంది. చెదలు లోపలంతా తినేసి పైన తొక్క మిగిల్చాయి. మళ్లీ మేస్త్రీకి కబురు పెట్టాం.

ఆయన చూసి, గోడలు దించి పిల్లర్లు లేపాలన్నాడు. అంటే ఆరు నెలల పని. అత్త ఇల్లు వదిలి రానంటుంది. నాకేమో జూన్‌లో బడి తెరిచేలోపు అయిపోవాలని తొందర. స్లాబే వెయ్యమన్నాను. కుదరదన్నాడు. మూడుసార్లు కబురు పెట్టాం, మూడుసార్లూ వచ్చాడు, మూడుసార్లూ కుదరదన్నాడు. నాలుగోసారి మా అత్త ఆయన రెండు చేతులూ పట్టుకుని "నేను ఈ ఇంట్లోనే పోవాల నాయనా" అని ఏడ్చింది. ముసలివాళ్లు ఏడిస్తే ఆయన తట్టుకోలేడు. చివరికి ఒప్పుకున్నాడు.

ఒప్పుకుంటూ షరతులు పెట్టాడు. రెండు గదులకే స్లాబు. గోడల పైన చుట్టూ కాంక్రీటు బెల్టు. స్లాబు గట్టిపడటానికి మామూలుగా అయితే దాని చుట్టూ మట్టి కట్టలు కట్టి, రెండు మూడు వారాలు నీళ్లు నిలబెడతారు. మా ఇంటికి అది కుదరదన్నాడు.

"కాంక్రీటుకు నీళ్లు తల్లిపాలమ్మా. ఈ గోడకు అవే నీళ్లు విషం. కట్టలు కట్టేది లేదు. గోనెసంచులు తడిపి కప్పాల. ఆరితే మల్లా తడపాల. నీళ్లు కారి గోడ మీదికి ఒగ సుక్క గూడా రాకూడదు."

స్లాబు వేసిన రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన అన్నం ముట్టలేదు. చివరి బాండ్లి పడి, పలక రుద్దడం అయిపోయాక కిందికి దిగి, వసారాలో గోడకు ఆనుకుని రాగి సంగటి తిన్నాడు. రెండో రోజు కుప్పంలో ఇంకో ఇంటి పనికి వెళ్తూ భార్యను మా ఇంట్లో ఉంచాడు. సంచులు తడిపే పని ఆమెది.

"దీన్ని ఈడ పెట్టి పోతాండా. నాకన్నా మొండిది. నాకేం భయం లేదు."

"పో పో, ఆ కుప్పమోళ్ల మీద అరుసుకో" అంది ఆమె.

ఆయన వెళ్లిన మర్నాడు నేను మిద్దెక్కి చూశాను. ఒకచోట సంచి పక్కకు జరిగి, ఎండకు స్లాబు మీద సన్నని పగుళ్లు కనిపించాయి. వెంట్రుకంత. మా ఆయన స్నేహితుడు, కాంట్రాక్టులు చేసేవాడొకడు వచ్చి చూసి పెదవి విరిచాడు. "నీళ్లు నిలబెట్టకుండా స్లాబేందమ్మా? మోసే ఓపిక లేక మేస్త్రీలు చెప్పే కతలివి" అన్నాడు. అంతే, నాకు ఆ మాట చాలింది. చదువుకున్నదాన్ని కదా, నాకన్నీ తెలుసు.

ట్యాంకరు తెప్పించి తొట్టి నింపించాను. మేస్త్రీ భార్యను కట్టలు కట్టమన్నాను. ఆమె కదల్లేదు.

"వద్దమ్మా. గోడ తాగేస్తాది. ఆయన మరీమరీ సెప్పి పోయినాడు."

"పగుళ్లు కనపడలేదా నీకు?"

"అవి పైపై పగుళ్లమ్మా. ఆయన వచ్చినాక అడుగుదాం. రెండు దినాలు ఆగు."

"ఇల్లు మాదా, మీదా?"

ఈ మూడు ముక్కలు అన్నది నేనే. ఆమె నా ముఖం ఒకసారి చూసి, పార తీసుకుని పైకెక్కింది. ఆమే కట్టలు కట్టింది. నేను మోటారు వేసి, నా చేత్తో పైపు పట్టుకుని నింపాను. వీధిలో తాగడానికి నీళ్లు లేని రోజుల్లో మా మిద్దె మీద జానెడు నీళ్లు నిలబడ్డాయి. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అప్పుడు మాత్రం గర్వపడ్డాను. రెండు రోజులు తగ్గినప్పుడల్లా నింపుతూనే ఉన్నాను. గోడ లోపలి వైపు చెమ్మ దిగుతోందని ఆమె రెండుసార్లు చెప్పింది. ఆరిపోతుందిలే అన్నాను.

మూడో రోజు పొద్దున పది గంటలప్పుడు ఆమె వసారాలో గోడ మొదట్లో కూర్చుని కూరకు ఎర్రగడ్డలు తరుగుతోంది. నేను వంటింట్లో ఉన్నాను. పెద్ద శబ్దమేమీ రాలేదు. బస్తా దించినట్టు దబ్బుమంది, అంతే. బయటికొచ్చి చూస్తే ముందుగోడ లేదు. స్లాబు కింద ఇంకా తీయని ఆసరా కర్రల మీద ఒక పక్కకు ఒరిగి, దాని మీది నీళ్లు కట్టలను కోసుకుంటూ ఆ మట్టి మీదికే కారుతున్నాయి. వీధివాళ్లంతా వచ్చి చేతులతో తోడారు. తీసేసరికి ఆమె లేదు.

కబురందుకుని మధ్యాహ్నం బస్సుకు మేస్త్రీ వచ్చాడు. వెంట కొడుకు ఉన్నాడు. పెళ్లీడు కుర్రాడు, తండ్రి దగ్గరే పని నేర్చుకుని అప్పటికి సొంతంగా పనులు పట్టుకుంటున్నాడు. మేస్త్రీ ముందు భార్య దగ్గరికి పోలేదు. గోడ దగ్గరికి పోయాడు. కూలిన మట్టిలోంచి పిడికెడు తీసి పిండాడు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. తలెత్తి నన్ను అడిగాడు.

"ఇన్ని నీళ్లు యాడివమ్మా?"

వీధి వీధంతా చుట్టూ ఉంది. పోలీసులకు కబురు పోయిందని ఎవరో అంటున్నారు. మా ఆయన నా వైపు చూశాడు. నాకు ఉద్యోగం గుర్తొచ్చింది, ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు.

"ఆమే కట్టలు కట్టి నిలబెట్టిందప్పా. పనోళ్లు మీరు, మాకేం తెలుసు?" అన్నాను.

కట్టలు కట్టింది ఆమే కదా అని ఆ క్షణంలో నాకు నేను చెప్పుకున్నాను కూడా. ఛీ, మనిషి ఎంత నీచానికి దిగుతుందో! ఆయన లేచి, భార్య పక్కన కూలబడి, ఆమె ముఖం మీది మట్టి తుడిచాడు.

"సెప్పినా గదనే," అన్నాడు. "సెప్పినా గదనే నీకు. యాల పోసినావే?"

కొడుకు అది విని ఒక్కసారిగా రేగాడు. "సచ్చినాక గూడా అమ్మదేనా తప్పు? మట్టి గోడ మీద స్లాబు పెట్టింది నువ్వు! నీ తప్పు కప్పుకునేదానికి శవం మీద ఏస్తాండావా?"

"లేదురా, అదే నీళ్లు..."

"ఇంగ ఆ మాట అంటే సంపేస్తా నిన్ను!"

నేను అక్కడే ఉన్నాను, నాలుగడుగుల దూరంలో. నోరు తెరిస్తే సరిపోయేది. తెరవలేదు. ఆమెను పూడ్చిన మర్నాడే కొడుకు కుప్పంలో రైలెక్కి బెంగుళూరు పోయాడని, తండ్రితో తెగతెంపులు చేసుకున్నాడని తర్వాత విన్నాను. పాత గోడ కూలి మనిషి పోయిందని పోలీసులు కాగితాల్లో రాసుకున్నారు. మేము మదనపల్లెకు మారిపోయాం. ఇంట్లో ఆ మాట ఎత్తద్దన్నాడు మా ఆయన. నాకూ కావలసింది అదే.

కొన్నేళ్ల తర్వాత పదో తరగతి పరీక్షల డ్యూటీ కుప్పంలో పడింది. బస్టాండుకు నడుస్తుంటే రోడ్డు పక్కన ఒక మనిషి గొంతుక్కూర్చుని సిమెంటు తొట్టికి నునుపు చేస్తున్నాడు. తొట్లు, చాకిరేవు బండలు, మరుగుదొడ్డి గుంతల్లో దించే ఒరలు వరసగా పెట్టి ఉన్నాయి. చూసీ చూడనట్టు పోదామనుకున్నాను. ఆయనే గుర్తుపట్టాడు.

"టీచరమ్మా! బాగుండారా? అవ్వ యెట్టుండాది?"

అత్త పోయిందన్నాను. "అయ్యో, పాపం, ఆ ఇంట్లో పోలేకపాయ" అన్నాడు. నాకు బెంచీ తుడిచి, టీ చెప్పించాడు. స్లాబు పని మానేశానన్నాడు. మనుషుల తలల మీద ఉండే పని ఇంక చెయ్యనని, నేల మీద ఉండేవే చేస్తానని చెప్పాడు. కొడుకు సంగతి అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"బెంగుళూరులో ఉండాడంట. పెండ్లయిందంట, బిడ్డ గూడా పుట్టిందంట. వాళ్లూ వీళ్లూ సెప్తే తెలిసేదే. నా తప్పే అయ్యుంటే బాగుండునమ్మా. వాని కాళ్లు పట్టుకోనైనా ఒప్పుకుందును. అది పోసిన నీళ్లకు నేనేమని సెప్పేది? సెప్తే అమ్మను అంటాండానంటాడు. సెప్పకుంటే నేనే సంపినానంటాడు."

తాపీ పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

"పొద్దన్నే లేస్తానే దాన్ని తిట్టుకుంటానమ్మా. యాల పోసినావే అన్ని నీళ్లు, నేను యేం సెప్తి, నువ్వేం సేస్తివి అని. ముందైతే ఒగటంటే పది అనేది. ఇప్పుడు పలకదు."

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. అంతలో మదనపల్లె బస్సు కదులుతోందని ఎవరో అరిచారు. నేను లేచాను. తర్వాత బస్సు గంటకే ఉందని నాకు తెలుసు. అయినా లేచాను. "వస్తాను మేస్త్రీ" అని వెనక్కి చూడకుండా బస్సెక్కి, పుంగనూరు దాకా ఏడ్చాను. ఏడిస్తే ఎవరికి లాభం? ఉత్తరం రాద్దామనుకున్నాను, సెలవుల్లో పోదామనుకున్నాను, రిటైరయ్యాక పోదామనుకున్నాను. పిరికిదాని లెక్కలు ఇలాగే ఉంటాయి.

పోయిన వారం మా వీధిలో ఒక ఇంటికి బండలు పరుస్తుంటే, పనివాళ్లది గుడుపల్లె వైపని తెలిసి మేస్త్రీ గురించి అడిగాను. "నిన్ననే పోయినాడమ్మా. కొడుకు వస్తాండాడని శవాన్ని పెట్టుకోనుండారు" అన్నారు. మా ఆయన వద్దంటున్నా వినకుండా తెల్లారే బస్సుకు బయల్దేరాను.

ఇంటి ముందు టార్పాలిన్ పందిరి, బెంచీ మీద ఆయన. బక్క మనిషి ఇంకా బక్కచిక్కిపోయాడు. తల దగ్గర ఆయన చెల్లెలు కూర్చుని ఈగలు తోలుతోంది. కొడుకు ఒక పక్కన గుంజకు ఆనుకుని ఉన్నాడు, కంట్లో నీళ్లు లేవు. తండ్రి దగ్గరికి కూడా పోలేదని అక్కడెవరో గుసగుసలాడుతున్నారు. నేను అతని దగ్గరికి పోయి ఫలానా అని చెప్పుకున్నాను. చెప్పాల్సిందంతా చెప్పాను. ట్యాంకరు, పైపు, వాళ్లమ్మ వద్దన్నది, నేను అన్నది, ఆ మధ్యాహ్నం వాళ్ల నాన్నకు చెప్పిన అబద్ధం. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

అతను బెంచీ మీది తండ్రి వైపు చూసి అడిగాడు.

"మా నాయనకు తెలుసునా ఇది?"

"తెలియదు."

"మల్లా యెప్పుడన్నా కలిసినారా?"

"ఒకసారి. కుప్పంలో. చెప్పలేకపోయాను."

అతను పందిట్లో ఉన్న జనం వైపు చూశాడు. "ఊరంతా మా అమ్మనే అనింది. మాట ఇనని ఆడది, నీళ్లు పోసుకోని సచ్చిందని. నేను మా నాయన్ను అంటి." గుంజను వదిలాడు. "రాండి" అని నన్ను పందిట్లోకి తీసుకెళ్లి, బెంచీ ముందు నిలబెట్టాడు. చావు దగ్గర పలకలు, డప్పులు కొట్టేవాళ్లను ఆపమన్నాడు. "ఈడ సెప్పండి. అందరికీ ఇనపడాల."

జనమంతా నా వైపు తిరిగారు. ముప్పై ఏళ్లు క్లాసులో అరిచిన గొంతు నాది. చీమ గొంతంత కూడా రాలేదు.

"ఆమె నీళ్లు పోయలేదు," అన్నాను. "వద్దని చెప్పింది. పోసింది నేను."

తల దగ్గర కూర్చున్న చెల్లెలు, ఆయన ముఖం మీద జారిన గుడ్డ సర్దుతూ, నా వైపు చూడకుండానే అంది.

"ఇంగా గట్టిగా సెప్పమ్మా. మా అన్నకు ఈ నడమ సెవులు సరిగా ఇనపడవు."